వంజరం పులుసు అని పేరు పెట్టిన రోజు

ఏప్రిల్ పద్నాలుగు. ఆ రాత్రి మేం వంజరం పులుసు తిన్నాం.

తారీఖు గుర్తుండటానికి కారణం ఉంది. ఆ అర్ధరాత్రి నుంచి సముద్రంలో వేట నిషేధం. రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. పూడిమడకలో ఆ రోజు దిగిన ఆఖరి చేపల్లో మంచి వంజరం ఒకటి గురువమ్మ అమ్మకుండా పక్కన పెట్టి, తడిగుడ్డలో చుట్టి, ఆటోలో అనకాపల్లి తెచ్చింది. ఆమె కూతురు మహాలక్ష్మి గవరపాలెంలో మా కింద వాటాలో అద్దెకుంటుంది. గురువమ్మ నా భార్య రాజశ్రీకి చాలా ఏళ్ళు చేపలమ్మింది. రాజశ్రీ పోయాక ఇక మా గుమ్మం ముందు బుట్ట దించదనుకున్నాను. "అమ్మగోరు లేకపోతే బాబు తిండి మానేత్తాడేటి?" అంటూ పెద్దకర్మ అయిన మర్నాడే దించింది.

మహాలక్ష్మికి పుట్టుకతోనే చూపు లేదు. బి.ఏ. పూర్తి చేసింది. కంప్యూటర్‌ను ఆమె చూడదు, వింటుంది. తెరమీద ఏముంటే అది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దానితో మామూలుగా వచ్చే తెలుగు గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుంది. ఆ రోజు విశాఖపట్నం నుంచి ఒక సేవాసంస్థ తరఫున ఒకాయన వచ్చాడు. మధ్యాహ్నమంతా కూర్చుని, ఎన్నో తంటాలు పడి, చక్కని ఆడగొంతు ఒకటి ఎక్కించాడు. వెళ్ళేముందు చెప్పాడు: "ఇప్పుడన్నీ సవ్యంగా ఉన్నాయి కదా, ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ఇవాళ కంప్యూటర్ ఎలా ఉందో అది గుర్తుంచుకుంటుంది. రేపేదైనా చెడితే ఇవాళ్టికి వెనక్కి తెచ్చుకోవచ్చు. మీరు రాసుకున్న ఫైళ్ళ జోలికి అది రాదు."

ఆయన వెళ్ళాక ఆమె ఆ పని మొదలుపెట్టింది. తెరమీద చిన్న పెట్టె వచ్చింది.

"పేరు అడుగుతోంది మాస్టారూ. ఏం పెట్టమంటారు?"

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇలాంటివాటికి పేరు పెట్టడం నాకు తెలీదు. రాజశ్రీకి తెలుసు. ఊరగాయ జాడీల మీద కాగితం అంటించి, సంవత్సరం కాకుండా 'పెద్దక్క వచ్చినప్పటిది', 'పొద్దున్నే వాన పడ్డనాటిది' అని రాసేది. జాడీ మూత తీస్తే ఆ రోజు కూడా కాస్త బయటికి వచ్చేది.

"తారీఖు అదే వేసుకుంటుందట కదా. నీకు గుర్తుండేదేదైనా పెట్టు," అన్నాను.

అప్పుడే వంటింట్లోంచి పులుసు వాసన వచ్చింది. ఆమె నవ్వి, టకటకా కొట్టింది. కొత్త గొంతు ఆ మాటలు చదివింది: "వం... జరం... పులుసు." చేప ముట్టని ఇంట్లో పుట్టిన పిల్ల మొదటిసారి ఆ పేరు పలికినట్టు, ఆచితూచి.

వంటింట్లోంచి గురువమ్మ కేకేసింది. "ఎవులే ఆ పిల్ల? సేప పేరు కూడా సరిగ్గా పలకనేదు!"

మహాలక్ష్మి అంత పెద్దగా నవ్వడం అంతకుముందు నేను వినలేదు.

మే నెలలో ఆ లాప్‌టాప్ నెమ్మదించింది. నాలుగు రోడ్ల జంక్షన్‌లో షాపు పెట్టిన నానాజీని పిలిపించాను. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాడు. తెర చూసి పెదవి విరిచాడు.

"చోటు లేదండీ మాస్టారూ. ఇదుగో, ఈ రిస్టోర్ ఒకటి పది జీబీ మింగేసి కూర్చుంది. నూటికి తొంభైమంది దీన్ని జన్మలో వాడరు. నా కస్టమర్లందరికీ ఆఫ్ చేసి పడేత్తాను."

"రేపు పాడైతే?"

"నేను లేనేటండీ? ఫార్మాట్ కొట్టేత్తాను. ఒక్క పూట పని."

"కారు డిక్కీలో స్టెప్నీ తీసేస్తే చోటు కలిసొస్తుంది నానాజీ. నిజమే."

"టైరు పంక్చరయ్యేక తెలుత్తాది మాస్టారూ, స్టెప్నీలోనూ గాలి లేదని. ఇదీ అంతే. కావలసినప్పుడు సగం సార్లు పనిచెయ్యదు."

వాడి మాటలో నిజం లేకపోలేదు. నేనింకేదో అనబోయాను. మహాలక్ష్మి మధ్యలో అంది: "ఆఫ్ చేసేయండి నానాజీ గారూ. ఉద్యోగ పరీక్షల పాఠాల రికార్డింగులకి నాకు చోటు కావాలి."

లాప్‌టాప్ ఆమెది. నేను మేడ మీదికి వచ్చేశాను.

జూన్ పదో తారీఖు పొద్దున్న ఆమె మెట్లెక్కి వచ్చిన చప్పుడు వేరుగా ఉంది. రోజూ గోడకు చెయ్యి ఆనించి తాపీగా వచ్చే మనిషి, ఆ రోజు మెట్టుమెట్టుకీ తడబడుతూ వచ్చింది.

"మాస్టారూ, అది మాట్లాడటం లేదు."

రాత్రి ఏదో అప్‌డేట్ దానంతటదే ఎక్కి, కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలైందట. పొద్దున్న తెరిస్తే చప్పుడు లేదు. ఇయర్‌ఫోన్ పెట్టినా లేదు. కంప్యూటర్‌కు సౌండ్ అనే సంగతే మరిచిపోయినట్టుంది. మనకైతే పాట వినబడదు, అంతే. ఆమెకు మొత్తం తెరే లేకుండా పోయింది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఆమెకు పరీక్ష. ఒక ప్రైవేటు సంస్థలో, తెలుగులో వచ్చే ఫిర్యాదులకు ఇంటినుంచే జవాబులు రాసే ఉద్యోగం. వాళ్ళు పంపిన ఉత్తరాలు అప్పటికప్పుడు విని, అప్పటికప్పుడు జవాబు కొట్టాలి. మార్చిలో ఒకసారి పిలిచారు, మధ్యలో నెట్ పోయింది. జాలిపడి రెండోసారి ఇచ్చారు. మళ్ళీ ఆటంకం వస్తే మూడోసారి ఉండదని మెయిల్లో రాశారు. నిషేధమని కూతురి దగ్గరున్న గురువమ్మ జూన్ పదిహేనున వేట తెరవగానే పూడిమడక వెళ్ళిపోతుంది, ఉద్యోగం రాకపోతే ఆమెతోపాటు ఈ పిల్లా వెళ్తుంది. వాటా ఖాళీ చేస్తామని ముందే చెప్పారు. అద్దె వద్దని నేనంటే తల్లి ఒప్పుకోలేదు.

నానాజీకి ఫోన్ చేశాను. వెనక సన్నాయి, డోలు.

"రావికమతంలో పెళ్ళిలో ఉన్నానండీ మాస్టారూ! తాళి కడతన్నారు, అక్షింతలు చేతిలో ఉన్నాయి, గట్టిగా చెప్పండి!"

గట్టిగా చెప్పాను. వాడు అక్షింతలు ఎవరికో ఇచ్చి బయటికొచ్చాడు. అక్కడ నొక్కండి, ఇక్కడ చూడండి అని చాలాసేపు చెప్పాడు. నేను చదివాను, మహాలక్ష్మి నొక్కింది. ఏదీ పారలేదు.

"ఫార్మాట్ తప్ప దారి లేదండి. సాయంత్రం ఏడుకల్లా వచ్చేత్తాను."

"నాలుగింటికి పరీక్ష నానాజీ. నీ షాపులో ఇంకో లాప్‌టాప్ లేదా?"

"షాపుకి తాళం, తాళం నా జేబులో. ఇచ్చినా దాన్లో ఆ గొంతు ఉండదు కదండీ."

విశాఖపట్నం ఆయనకు పొద్దున్నుంచీ చేస్తున్నాం, ఎత్తడం లేదు.

"పోనీ ఆ రిస్టోర్?" అన్నాను.

వాడు సన్నాయికి ఇంకాస్త దూరం జరిగినట్టున్నాడు.

"మే నెల్లో ఆఫ్ చేసే ఉంటానండి. అందరికీ చేత్తాను కదా. ఆఫ్ చేత్తే పాతవన్నీ తుడుచుకుపోతాయి." అంతలోనే మాట మార్చాడు. "గుర్తు రావట్లేదు మాస్టారూ. తెరిచి చూడండి."

ఫోన్ పెట్టేశాను. మహాలక్ష్మి వింటూనే ఉంది.

"నేనే చెయ్యమన్నాను," అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది.

ముందు లాప్‌టాప్‌ను మేడ మీదికి తెచ్చాం. దాని బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది; ప్లగ్గు ఊడితే ఆ క్షణమే ఆరిపోతుంది. నా గదిలో ఇన్వర్టర్ ఉంది. పాతదే, అయినా ఉంది. బయట గాలి లేదు. తుమ్మపాల వైపు మబ్బు పట్టి, ఉక్కగా, గోడలు కూడా చెమటపట్టినట్టున్నాయి. డాబా మీద గురువమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళనే చిన్నచేపల వాసన గదంతా నిండింది.

"నేను కొడతాను, మీరు చదవండి," అంది మహాలక్ష్మి.

ఆమెకు దారి కంఠస్థం. ఏ మీట తర్వాత ఏ మీటో వేళ్ళకు తెలుసు. తెర మీద ఏమొచ్చిందో తెలీదు. నాకు కనిపిస్తుంది, ఏం చెయ్యాలో తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

తెరమీద ఒక కిటికీ తెరుచుకుంది.

"ఏమొచ్చింది మాస్టారూ? ఆఫ్ అని ఉందా?"

కళ్ళజోడు తుడుచుకుని చదివాను. "కంప్యూటర్‌ను వెనకటి స్థితికి తేవచ్చు అని రాసి ఉంది."

"కింద నెక్స్ట్ అని ఉందా? వెలుగుతోందా, మసగ్గా ఉందా?"

"వెలుగుతోంది."

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. మీట నొక్కింది.

"రెండు వరసలున్నాయి," అన్నాను. "మొదటిది రాత్రిది. అప్‌డేట్‌కి ముందు అదే పెట్టుకున్నట్టుంది. రెండోది..." తెర దగ్గరికి వంగాను. "ఏప్రిల్ పద్నాలుగు. వంజరం పులుసు."

"ఉందా!" అంది ఆమె. ఊళ్ళో తప్పిపోయిన మనిషి కనిపించాడంటే అన్నట్టు.

దగ్గరదే మంచిది, తక్కువ మారతాయి అని మొదటిదాన్ని ఎంచింది. ఒకసారి మొదలైతే మధ్యలో ఆపరాదని హెచ్చరిక వచ్చింది. చదివాను. సరే అంది. తెర నల్లబడి, చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది.

"చుక్కలు తిరుగుతున్నాయమ్మా. ఇంకా తిరుగుతున్నాయి..."

"తిరిగినంతసేపూ చెప్పక్కర్లేదు మాస్టారూ. ఆగితే చెప్పండి."

ఆమెకు ఆ సమయమంతా ఉత్త నిశ్శబ్దం. చేతులు రెండూ లాప్‌టాప్ అంచు మీద పెట్టుకుని, లోపలి చిన్న ఫ్యాను తిరుగుతున్న అదురును వేళ్ళతో వింటోంది. గురువమ్మ గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, మజ్జిగ గ్లాసులు పెట్టి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి తెర వెలిగింది.

"పూర్తికాలేదు అంటోంది," అన్నాను. "ఏమీ మారలేదట."

"స్టెప్నీలో గాలి లేదు," అంది మహాలక్ష్మి. నానాజీ మాటే. నవ్వుదామనే అన్నట్టుంది కానీ కుదరలేదు.

గోడ గడియారం రెండు దాటింది. ఇంకొక్క ప్రయత్నానికే వ్యవధి ఉంది. మహాలక్ష్మి రెండో వరస మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"మాస్టారూ, ఈ పాయింటు గొంతు ఎక్కించక ముందుదా, తర్వాతదా?"

"ఏం తేడా?"

"ముందుదైతే సౌండ్ వస్తుంది, ఆ గొంతు పోతుంది. ఆ పాత గరగర గొంతుతో నాకు ఈ పరీక్ష..." వేళ్ళు మీట మీంచి తీసింది. "ఆ రోజు గాబరాలో ముందే పెట్టేనేమో. నాకు సరిగ్గా గుర్తు రావట్లేదు."

భయంలో అలాగే ఉంటుంది. చేతిలో ఉన్న తాళంచెవి కోసం ఇల్లంతా వెతుకుతాం.

"పేరు నువ్వు కొట్టినప్పుడు మీ అమ్మ ఏమంది?" అన్నాను.

ఆమె మొహం మెల్లగా నావైపు తిరిగింది.

"ఎవులే ఆ పిల్ల, అంది."

"మరి? అప్పటికే ఆ పిల్ల ఇంట్లో ఉంది."

ఆ రోజు మొదటిసారి ఆమె నవ్వింది. నవ్వుతూనే మీట నొక్కింది. తెర నల్లబడింది. చుక్కలు తిరిగాయి.

అప్పుడు ఉరిమింది.

ముందు దూరంగా, తుమ్మపాల అవతల. తర్వాత నెత్తిమీదే. డాబా మీంచి గురువమ్మ నెత్తళ్ళ గోనె చంకనేసుకుని పరిగెత్తుకొచ్చింది. గోనె గుమ్మంలో పడేసి తిన్నగా నా గదిలో మెయిన్ స్విచ్ దగ్గరికి నడిచింది; అది తీస్తే ఇన్వర్టర్ లైను కూడా ఆగిపోతుంది.

"ఉరుములొత్తన్నాయి బాబూ. మెయిను తీసెయ్యాల."

"అమ్మా, ముట్టుకోకు!" మహాలక్ష్మి లేచి నిలబడింది. "మాస్టారూ, ఆపండి!"

నేను అడ్డు వెళ్ళాను. గురువమ్మ చెయ్యి స్విచ్ మీదే ఉంది. ఆమె భయం నాకు తెలుసు. ఆమె అన్న పూడిమడక ఒడ్డున వల లాగుతూ పిడుగు పడి పోయాడు. అప్పటినుంచీ ఉరుము వినిపిస్తే ఆ ఇంట్లో బల్బు వెలగదు.

"తప్పుకోండి బాబూ. మీరు సదూకున్నోరు, మీకు బయం నేదు. నేను కళ్ళారా సూసేను."

"ఇప్పుడు కరెంటు తీస్తే అది మళ్ళీ లేవదే అమ్మా," అంది మహాలక్ష్మి. "ఒక్క అరగంట ఆగు."

"పిడుగు అరగంట ఆగుతాదేటే? మనిసి కంటే ఆ పెట్టె ఎక్కువైపోనాదా?"

"ఇది పోతే ఉద్యోగం పోయినట్టే. ఊరొచ్చి నీతో ఎండుచేపలు ఏరుకోవాల."

"ఏరుకుంటే తప్పేటి? నేను ఏరలేదా? నిన్ను అలాగే పెంచేను."

"నువ్వు చూసి ఏరేవమ్మా."

బయట పెద్దగా మెరిసింది. ఆ వెలుగు మహాలక్ష్మికి తెలీదు. తల్లి మొహం మీద మాత్రం నేను చూశాను. ఉరుము వచ్చి, కిటికీ అద్దాలు అదిరి, అది పోయేదాకా ముగ్గురం అలాగే నిలబడిపోయాం.

గురువమ్మ చెయ్యి స్విచ్ మీంచి దిగింది.

వంటింట్లోకి వెళ్ళి పీట తెచ్చింది. కూతురి భుజం నొక్కి కుర్చీలో కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ ఎత్తి పీట మీద పెట్టింది. "కాళ్ళు నేలకి ఆనించకు," అని కసిరింది. నావైపు తిరిగింది. "మీరూ సెప్పులేసుకోండి బాబూ. సూత్తన్నారేటి?"

నా ఇంట్లో, నా గదిలో చెప్పులేసుకున్నాను. గురువమ్మ స్విచ్ కిందే గోడకు చేరగిలబడి, చెంగు తలమీద కప్పుకుని, కళ్ళు మూసుకుంది.

"అర్జునా, పల్గునా, పార్దా, కిరీటీ..."

చిన్నప్పుడు మా అమ్మమ్మ అనేది ఈ పేర్లు. ఫిజిక్స్ పాఠం చెప్పినన్నాళ్ళూ వీటిని నేను నోటితో అనలేదు. ఆ వేళ మనసులో ఆమెతో పాటు అన్నాను.

నాలుగోసారి 'కిరీటీ' దగ్గర కరెంటు పోయింది.

ఫ్యాన్ ఆగింది. తెర ఒకసారి గుడ్డిగా అయింది. మూలనున్న ఇన్వర్టర్ టక్కుమని అందుకుంది. తెర మళ్ళీ తేరుకుంది. చుక్కలు ఎక్కడ ఆగాయో అక్కడినుంచే తిరుగుతున్నాయి.

"ఏమైంది మాస్టారూ? వేళ్ళకి తెలిసింది. ఆరిపోయిందా?"

"లేదమ్మా. తిరుగుతోంది."

ఫ్యాన్ స్విచ్ ఆపేశాను. లైట్లు ఆపేశాను. నెట్ పెట్టె కూడా ఆపేశాను. ఉన్న ప్రాణమంతా ఆ ఒక్క తీగలోకే పోనీ అనుకున్నాను. వాన మొదలైంది. చీకట్లో చెమట కారుతూ కూర్చున్నాం. కాసేపటికి ఇన్వర్టర్ కుయ్ మంది. ఆగింది. మళ్ళీ కుయ్ మంది.

"ఏటా కూత?" అంది గురువమ్మ కళ్ళు తెరవకుండానే.

"బ్యాటరీ అయిపోతోంది."

"మీ దానికి తిండి పెట్టనేదేటి బాబూ?"

కిందటి వారమే నీళ్ళు పోయించాను. పోయించకపోతే ఈపాటికి ఆగేది. కానీ ఎంతసేపు వస్తుందో నాకు తెలీదు. ఆ కూతల మధ్య విరామం తగ్గుతూ వచ్చింది. మహాలక్ష్మి వేళ్ళు లాప్‌టాప్ అంచు మీద బిగుసుకున్నాయి. గురువమ్మ అర్జునుడి పేర్లు అయిపోతే మొదటినుంచీ ఎత్తుకుంటోంది.

చుక్కలు ఆగాయి.

"ఆగింది," అన్నాను. "తెర నల్లగా ఉంది. ఉండు... వెలుగుతోంది. ఏదో పెట్టె వచ్చింది, అందులో..."

నేను కళ్ళజోడు సర్దుకునేలోపే గదిలో ఇంకెవరో మాట్లాడారు. పునరుద్ధరణ విజయవంతంగా పూర్తయిందని, ఆచితూచి, ఎవరి మీదా కోపం లేని గొంతుతో. ఈసారి నేను చదవక్కర్లేకపోయింది. ఆ పిల్లే చదివింది.

మహాలక్ష్మి రెండు చేతులతో మొహం కప్పుకుంది. గురువమ్మ చెంగు తీసి లేచి కూర్చుంది.

"వచ్చేసిందే! సేప పేరు పలకనేని గుంట పిల్ల వచ్చేసింది!"

ఆ పని అయిందనగానే లాప్‌టాప్‌ను ఆపించాను. ఇన్వర్టర్‌లో మిగిలిన కాస్త ఊపిరీ పరీక్షకు ఉంచాలి. అది గంటసేపు సరిపోదని ముగ్గురికీ తెలుసు. వాన చూస్తూ కూర్చున్నాం. నాలుగింటికి ఇంకా కాస్త వ్యవధి ఉందనగా ఫ్యాను దానంతటదే కదిలింది. అంత వానలో ఏ లైన్‌మన్ ఏ స్తంభం ఎక్కాడో తెలీదు. అతనింట్లో ఆ రాత్రి వేడివేడిగా ఏదైనా వండి ఉండాలని కోరుకున్నాను.

పరీక్ష జరిగినంతసేపూ నేనూ గురువమ్మా మెట్ల మీద కూర్చున్నాం. తలుపు వేసి ఉంది. లోపల్నుంచి ఆ గొంతు సన్నగా వినిపించేది, తర్వాత మీటల చప్పుడు, మళ్ళీ గొంతు. ఒకసారి చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గురువమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. మళ్ళీ మీటలు మొదలయ్యాక వదిలి, చేతులు కడుక్కోలేదని గుర్తొచ్చినట్టు చెంగుకి తుడుచుకుంది.

తలుపు తెరుచుకుంది.

"సోమవారం నుంచి ట్రైనింగ్ అంది ఆ మేడం," అంది మహాలక్ష్మి. పొద్దున్నుంచీ మోసిన బరువు దించినట్టు గుమ్మానికి ఆనుకుంది. "ఇంటినుంచేనట. ఏ ఇంటినుంచి అనడిగింది. అనకాపల్లి అన్నాను."

గురువమ్మ గోనెలోంచి ఇన్ని నెత్తళ్ళు దోసిట్లోకి తీసుకుని, కూర వండటానికి కిందికి దిగింది.

చీకటి పడుతుండగా నానాజీ వచ్చాడు. చొక్కా మీద పసుపు మరకలు, చేతిలో పెళ్ళివారిచ్చిన స్వీటు పొట్లం. సంగతంతా విని తల గోక్కున్నాడు.

"మీరు ఫోన్ పెట్టేసేక, ఆఫ్ చెయ్యలేదని గుర్తొచ్చిందండీ. మళ్ళీ చేత్తే మీ ఫోన్ కలవలేదు."

"ఆఫ్ చెయ్యమని నేను చెప్పేను కదా. ఎందుకు చెయ్యలేదు?" అంది మహాలక్ష్మి.

"చెయ్యబోయేనమ్మా. చేసేముందు లిస్టు తెరిత్తే వంజరం పులుసు అని ఉంది. ఇన్నేళ్ళలో అక్కడ ఎవరూ పేరు పెట్టగా చూళ్ళేదు. అన్నీ ఏవో అంకెలు, ఇంగ్లీషు ముక్కలు. ఎవరో కూర్చుని, ఇష్టంగా పేరెట్టుకున్నారు, దాన్ని తుడిచెయ్యడమేటి అనిపించింది. నీ రికార్డింగులు కొన్ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చి చోటు చేసేను."

"మరి నాతో అనలేదేం?" అన్నాను.

"అంటే స్టెప్నీ మాటలో మీరు గెలిచినట్టు కదండీ."

"ఇవాళ మొదటి స్టెప్నీలో గాలి లేదులే. సగం నువ్వే గెలిచావు."

వాడు ఒక లడ్డూ నా చేతిలో పెట్టాడు. "ఇంకో మాట మాస్టారూ. రెండు నెలలు దాటితే పాత పాయింట్లని అదే చెరిపేత్తాది. వేట తెరిచేనాటికి మీ వంజరం ఉండదు."

"ఇక మీదట అందరికీ ఆఫ్ చేస్తావా?"

వాడు కాస్త ఆలోచించాడు. "పేరెట్టినోళ్ళకి చెయ్యను. పెట్టనోళ్ళని పెట్టమంటాను. వినకపోతే వాళ్ళ ఖర్మ."

భోజనాలు కింద వాటాలోనే. ఎండు నెత్తళ్ళూ వంకాయా. నానాజీ పెళ్ళిభోజనం చేసి వచ్చి కూడా రెండుసార్లు వడ్డించుకున్నాడు. వాడు వెళ్ళాక మహాలక్ష్మి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. పేరు ఏం పెట్టాలని ఈసారి నన్ను అడగలేదు. కొట్టింది. ఆ గొంతు చదివింది: "ఎండు... నెత్తళ్ళు... వంకాయ."

"ఈమాటు బాగానే పలికినాది," అంది గురువమ్మ గిన్నెలు సర్దుతూ. "నేరుసుకుంటంది."

కూతురు గోడకు ఆనుకుని, చెయ్యి లాప్‌టాప్ మీదే ఉంచి నిద్రపోయింది. గురువమ్మ ఆ చెయ్యి మెల్లగా తీసి, తలకింద దిండు పెట్టింది. ప్లగ్గు తియ్యబోయి, ఆగి, నావైపు చూసింది. ఉండనీ అని తల ఊపాను.

నేను బయట మెట్టు మీద చెప్పులు వేసుకుంటుంటే, ఆమె గుమ్మం దాకా వచ్చి, ఒక చెయ్యి తలుపు మీదా ఒక చెయ్యి గడియ మీదా పెట్టి, కూతురు లేవకుండా, ఏ చప్పుడూ కాకుండా తలుపు మూసింది.